బబుల్‌గమ్ బొమ్మ నుంచి బ్లాక్‌చెయిన్ చిట్టా దాకా

1953లో అమెరికాలో బబుల్‌గమ్ అమ్మే రెండు కంపెనీల తగాదా మీద అప్పీలు కోర్టు ఒక తీర్పు చెప్పింది. ఒకటి హేలన్ ల్యాబొరేటరీస్, రెండోది టాప్స్. గొడవంతా గమ్ పొట్లంతో పాటు ఇచ్చే బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల మీద. ఫలానా ఆటగాడి ఫొటో మేమొక్కరమే వేసుకునేలా ఒప్పందం రాయించుకున్నాం, తెలిసి కూడా టాప్స్ వాళ్లు అదే ఆటగాడి చేత సంతకం పెట్టించుకున్నారు అన్నది హేలన్ ఫిర్యాదు. ఆ కాగితానికి అర్థం ఆటగాడు మీ మీద దావా వేయనని ఒప్పుకోవడమే, అంతకుమించి మీకు దఖలు పడిన హక్కేమీ లేదని టాప్స్ వాదించింది. జడ్జి జెరోమ్ ఫ్రాంక్ ఆ వాదన ఒప్పుకోలేదు. పేరున్న మనిషి రూపానికి బజారులో ఒక విలువ ఉంటుందని, ఆ విలువను ఇంకొకరికి రాసిచ్చే హక్కు ఆ మనిషికి ఉంటుందని తీర్పు రాశారు. దానికి ‘రైట్ ఆఫ్ పబ్లిసిటీ’ అని పేరు కూడా పెట్టారు. సినిమా తారలూ క్రీడాకారులూ తమ పేరు, ముఖం, గొంతు ఎవరూ వాడుకోకూడదని ఈ రోజుల్లో కోర్టులకు వెళ్తున్నారంటే, ఆ హక్కుకు ఆ పేరు దొరికింది గమ్ బొమ్మల కేసులోనే.

సరిగ్గా 70 ఏళ్లకు, 2023 ఏప్రిల్‌లో, అదే తరహా తగాదా మీద ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. వాది పక్షాన ఒక కంపెనీతో పాటు అయిదుగురు భారత క్రికెటర్లు ఉన్నారు. వారిలో ఒకరు మన హైదరాబాద్ ఫాస్ట్ బౌలర్ మహ్మద్ సిరాజ్. ఈసారి గమ్ లేదు, అట్టముక్కా లేదు. ఆటగాడి బొమ్మ కంప్యూటర్ చిట్టాలో ఒక పద్దుగా మారింది. ఆ పద్దు పేరు ఎన్‌ఎఫ్‌టీ, ఏ రెండూ ఒకటి కాని ఒక రకం డిజిటల్ టోకెన్. అక్కడ వచ్చిన జవాబు అమెరికా జడ్జి ఇచ్చినదానికి దాదాపు ఎదురుగా ఉంది. ఆ సంగతికి తర్వాత వద్దాం. అభిమానం అంగడి సరుకుగా మారిన కథ ముందు తెలియాలి. ఎందుకంటే టోకెన్లు అమ్మినవాళ్లు కొత్తగా కనిపెట్టామని చెప్పుకున్నవాటిలో చాలా భాగం పాతదే.

బొమ్మ కార్డులు పుట్టింది పొగాకు వ్యాపారంలో. 19వ శతాబ్దం చివర్లో సిగరెట్ పొట్లాలు మెత్తటి కాగితంతో ఉండేవి. లోపలి సిగరెట్లు నలగకుండా ఒక గట్టి అట్ట పెట్టేవారు. అట్ట ఖాళీగా వదిలేయడం ఎందుకని 1880ల్లో అలెన్ అండ్ గింటర్ లాంటి కంపెనీలు దాని మీద నటీమణులు, మల్లయోధులు, బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేశాయి. జనం వాటిని దాచుకోవడం మొదలుపెట్టారు. ఒకే వరుసలో బొమ్మలన్నీ పూర్తిచేయాలంటే అదే బ్రాండు మళ్లీ మళ్లీ కొనాలి. అమ్మకందారుకు కావలసిందీ అదే.

1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన ఒక వరుసను సేకర్తలు టీ206 అంటారు. అందులో పిట్స్‌బర్గ్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ కొద్దికాలమే అచ్చయి ఆగిపోయింది. తన బొమ్మ చూసి పిల్లలు సిగరెట్లు కొనడం ఇష్టం లేక ఆపించాడని ఒక కథ, తనకు డబ్బు ఇవ్వనందుకు అడ్డుపడ్డాడని ఇంకో కథ. ఏది నిజమైనా ఇవాళ ఆ కార్డులు అరవై, అటూ ఇటూగా మాత్రమే మిగిలాయి. 2022 ఆగస్టులో ఒకటి 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది.

అదే నెలలో ఇంకో కార్డు దాన్ని దాటేసింది. 1952లో టాప్స్ వేసిన మికీ మాంటిల్ బొమ్మ వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. దాని వెనక కథను టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ స్వయంగా చెప్పేవారు. 1952 వరుసలోని చివరి విడత కార్డులు బజారుకు ఆలస్యంగా వచ్చాయి. బేస్‌బాల్ సీజన్ ముగుస్తుండటంతో కొనేవాళ్లు లేకపోయారు. పెట్టెలకు పెట్టెలు గోదాములో ఏళ్ల తరబడి మిగిలిపోయాయి. కారుచౌకగా ఇస్తామన్నా తీసుకునే నాథుడు లేడు. 1960లో బెర్గర్ వాటిని పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించారు. మాంటిల్ బొమ్మ ఉన్నది ఆ చివరి విడతలోనే.

ఈ రెండు కార్డులూ అరుదైనవి కావాలని ఎవరూ ముందుగా తలపెట్టలేదు. ఒకటి ఆటగాడి అభ్యంతరం వల్ల, ఇంకొకటి గోదాములో చోటు లేక అరుదయ్యాయి. మిగిలినవాటిని పిల్లలు జేబుల్లో మడిచారు, పందేల్లో పోగొట్టుకున్నారు, అమ్మలు ఇల్లు సర్దుతూ చెత్తలో వేశారు. ఏళ్లు గడిచాక మిగిలిన కొద్దింటికీ ధర వచ్చింది. 1980ల చివర ఈ ధరలు పత్రికలకెక్కడంతో కొనేవాళ్ల తీరు మారిపోయింది. ఆడుకోవడానికి కాకుండా దాచిపెట్టి అమ్ముకోవడానికి కొన్నారు. కంపెనీలు ఆ ఆశకు తగ్గట్టు విపరీతంగా అచ్చువేశాయి. అందరూ ప్లాస్టిక్ తొడుగుల్లో భద్రంగా దాచారు కాబట్టి ఒక్కటీ అరుదు కాలేదు. 1990ల్లో ఆ కార్డుల ధర కుప్పకూలింది. ఆ కాలాన్ని అమెరికా సేకర్తలు ఇప్పటికీ చెత్త కార్డుల కాలమనే అంటారు. 2021లో టోకెన్లు అమ్మినవారికీ కొన్నవారికీ ఈ చరిత్ర అందుబాటులోనే ఉంది. చదివినవాళ్లు తక్కువ.

కార్డుల చరిత్రలో ఆటగాళ్ల వాటా కథ విడిగా చెప్పుకోవాలి. 1960ల దాకా టాప్స్ ఒక్కో ఆటగాడికి ఏడాదికి 125 డాలర్లు చేతిలో పెట్టి సరిపెట్టేది. 1966లో ఆటగాళ్ల సంఘానికి నాయకుడిగా వచ్చిన మార్విన్ మిల్లర్ దీన్ని పట్టుకున్నారు. అంతకుముందు ఉక్కు కార్మికుల సంఘంలో పనిచేసిన మనిషి ఆయన. ఆటగాళ్లంతా ఒక్కమాటగా ఒప్పందాల మీద సంతకాలు ఆపితే టాప్స్ దారికొచ్చింది. 1968లో కుదిరిన ఒప్పందంతో ఆ 125 రెట్టింపయింది, దానికి తోడు అమ్మకాల్లో శాతం కూడా దక్కింది. బొమ్మ వెనక మనిషికి వాటా రావాలంటే సాంకేతికత ఒక్కటే చాలదు, అడిగే సంఘం ఉండాలని తేలిన సందర్భమిది. ఎన్‌ఎఫ్‌టీల దగ్గర మళ్లీ ఇదే ప్రశ్న లేచింది.

మన దగ్గర కార్డుల వ్యాపారం ఆ స్థాయికి ఎప్పుడూ ఎదగలేదు. 1980, 90ల్లో పెరిగినవాళ్లకు బిగ్‌ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు, తర్వాత ట్రంప్ కార్డులు గుర్తుండే ఉంటాయి. అవి ఆటవస్తువులుగానే మిగిలాయి, వేలంపాటల దాకా వెళ్లలేదు. పాట విషయంలో మాత్రం తెలుగువాళ్లకు గర్వించదగ్గ సేకర్త ఉన్నారు. వి.ఎ.కె. రంగారావు వేలాది గ్రామఫోన్ ప్లేట్లు పోగుచేసి, ఏ పాట ఎవరు పాడారు, ఏ కంపెనీ వేసింది, ఏ సంవత్సరం అన్న వివరాలతో సహా కాపాడారు. పాత తెలుగు సినిమా పాట మీద రాసేవాళ్లు ఆయన సేకరణ వైపు చూడక తప్పదు. ప్లేటు అన్నది చేతిలో పట్టుకోగలిగే వస్తువు. కంపెనీ మూతపడినా ముల్లు పెడితే పాడుతుంది. ఆ ఒక్క గుణం ఎంత విలువైనదో టోకెన్ల కాలంలో బాగా తెలిసొచ్చింది.

ఎంపీ3లు వచ్చాక, 1999లో పాటల ఫైళ్లు పంచుకునే నాప్‌స్టర్ మొదలయ్యాక, పాట చేతిలో పట్టుకునే వస్తువుగా ఉండటం మానేసింది. నకలుకూ అసలుకూ తేడా లేదు. ఆ తర్వాత నెలవారీ చందాకు పాటలన్నీ వినిపించే కంపెనీలు వచ్చాయి. అభిమాని దగ్గర దాచుకోవడానికి ఏమీ మిగలలేదు, కళాకారుడికి ఒక్కో వినికిడికి దక్కేది పైసల్లో లెక్క. వస్తువు పోయిన ఆ చోటును బ్లాక్‌చెయిన్‌తో భర్తీ చేయవచ్చని కొందరు నమ్మారు. వాళ్లలో అందరూ డబ్బు మనుషులు కారు. బ్రిటిష్ గాయని ఇమోజెన్ హీప్ 2015 అక్టోబర్‌లో ‘టైనీ హ్యూమన్’ అనే పాటను ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద అమ్మకానికి పెట్టారు. పాట కొన్న డబ్బు దళారులెవరూ లేకుండా గాయనికీ వాద్యకారులకూ ముందే రాసిపెట్టిన వాటాల ప్రకారం పంచడం ఆమె ఉద్దేశం. మొత్తం వచ్చింది సుమారు 133 డాలర్లు. క్రిప్టో డబ్బు చేతిలో ఉన్నవాళ్లు అప్పటికి అంత తక్కువ. లెక్క చిన్నదే అయినా, తర్వాత వచ్చిన కోట్ల వేలంపాటల కంటే ఆ ప్రయత్నమే నిజాయితీగా కనిపిస్తుంది.

ఇక్కడ యంత్రాంగం సంగతి కాస్త చెప్పుకోవాలి. బ్లాక్‌చెయిన్ అంటే ఒకే చిట్టాకు అనేక కంప్యూటర్లలో ఉండే ప్రతులు. కొత్త పద్దు రాయాలంటే వాటన్నిటి మధ్యా ఏకాభిప్రాయం కుదరాలి. ఒకసారి రాసింది ఏ ఒక్కరూ చెరపలేరు. బిట్‌కాయిన్ చిట్టాలో పద్దులు డబ్బు లెక్కలు. ఒక కాయిన్‌కూ ఇంకో కాయిన్‌కూ తేడా ఉండదు. ఏ రెండూ ఒకటి కాని టోకెన్లు కావాలంటే ప్రతిదానికీ ప్రత్యేక సంఖ్య ఉండాలి. 2014లో న్యూయార్క్ కళాకారుడు కెవిన్ మెకాయ్ ‘క్వాంటమ్’ అనే బొమ్మను అలా నమోదు చేశారు. 2017 చివర్లో క్రిప్టోకిటీస్ అనే పిల్లిబొమ్మల ఆట వచ్చి ఇథీరియం చిట్టాను కిక్కిరిసిపోయేలా చేసింది. ఆ ఆట తయారీదారుల్లో ఒకరైన డీటర్ షర్లీ, మరికొందరు కలిసి ఈ రకం టోకెన్లకు ఈఆర్‌సీ-721 అనే ఉమ్మడి నమూనా రాశారు. క్రీడల్లో, సంగీతంలో తర్వాత వచ్చిన టోకెన్లలో చాలావాటికి ఆ నమూనానే పునాది.

చిట్టాలో ఉండేది సంఖ్య, యజమాని చిరునామా, బొమ్మ ఎక్కడుందో చెప్పే లింకు. బొమ్మ గానీ వీడియో గానీ సాధారణంగా ఆ చిట్టాలో ఉండదు, ఎక్కడో ఇంకో సర్వరులో ఉంటుంది. కాపీరైటు అసలే ఉండదు. తెలంగాణ, ఆంధ్ర రైతులకు ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది. పాసుపుస్తకంలో పేరు ఎక్కడం ఒకటి, పొలం తన స్వాధీనంలో ఉండటం ఇంకొకటి. పాసుపుస్తకం దొంగది కాదని బ్లాక్‌చెయిన్ హామీ ఇస్తుంది. పొలం గురించి అది ఏమీ చెప్పదు.

క్రిప్టోకిటీస్ జట్టులోంచి పుట్టిన డాపర్ ల్యాబ్స్ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌తోనూ ఆటగాళ్ల సంఘంతోనూ ఒప్పందం చేసుకుని 2020 అక్టోబర్‌లో ‘ఎన్‌బీఏ టాప్ షాట్’ను అందరికీ తెరిచింది. ఆటలోని కొద్ది సెకన్ల దృశ్యం ఒక ‘మూమెంట్’. ఏది వస్తుందో తెలియని పొట్లాల్లో వీటిని అమ్మేవారు. మామూలు పొట్లం 9 డాలర్లు. ప్రతి దృశ్యానికీ వరుస సంఖ్య ఉంటుంది. ఒకటో నంబరుకూ, ఆటగాడి చొక్కా నంబరుతో కలిసిన దానికీ గిరాకీ ఎక్కువ. మారుబేరాల్లో కంపెనీ 5 శాతం తీసుకునేది. సిగరెట్ పొట్లం చాటున వందేళ్ల కిందట నడిచిన యుక్తే ఇది, తెర మీదికి వచ్చింది. కరోనాతో జనం ఇళ్లలో ఉన్నారు, చేతిలో డబ్బు ఉంది, స్టేడియాలు ఖాళీ. 2021 ఫిబ్రవరి ఒక్క నెలలో 20 కోట్ల డాలర్లకు పైగా బేరాలు జరిగాయి. లెబ్రాన్ జేమ్స్ బంతిని బుట్టలో కొట్టే దృశ్యం ఒకటి 2 లక్షల 8 వేల డాలర్లు పలికింది. ఆ దృశ్యం ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మరుసటి నెల డాపర్ ల్యాబ్స్ 30.5 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుంది. పెట్టినవాళ్లలో మైకేల్ జోర్డాన్ ఉన్నారు.

సంగీతం కూడా అదే నెలల్లో పరుగు అందుకుంది. డీజే త్రీలావ్ ‘అల్ట్రావయొలెట్’ ఆల్బమ్ మూడేళ్ల పండుగకు 33 టోకెన్లు వేలం వేస్తే కోటీ 16 లక్షల డాలర్లు వచ్చాయి. మార్చి 5న కింగ్స్ ఆఫ్ లియోన్ బృందం కొత్త ఆల్బమ్‌ను టోకెన్ రూపంలో కూడా విడుదల చేసింది. 50 డాలర్లకు పాటలు, వినైల్ ప్లేటు, కదిలే బొమ్మ దొరికేవి. కొన్ని ప్రత్యేక టోకెన్లకు బృందం చేసే ప్రతి పర్యటనలోనూ జీవితాంతం ముందు వరుస సీట్లు ఇస్తామన్నారు. ఈ చివరి సంగతి మీద ఒక క్షణం ఆగాలి. ప్లేటుకూ సీటుకూ విలువుంది. అవి ఇచ్చేది బృందమూ నిర్వాహకులూ. టోకెన్ పని ఆ మాటకు రసీదుగా ఉండటమే. రసీదు ఎంత బలమైనదైనా మాట నిలబెట్టుకునే మనిషి కావాలి.

మాట తప్పడానికి మోసమే జరగనక్కర్లేదని కోచెల్లా సంగీతోత్సవం ఉదంతం చూపింది. 2022 ఫిబ్రవరిలో పది టోకెన్లు వేలానికి పెట్టారు. అవి ఉన్నవారికి జీవితాంతం ఉత్సవంలో ప్రవేశం. ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి వేదిక మీద జరిగిన ఆ అమ్మకంలో పది లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. అదే ఏడాది నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది. బయటికి తీసుకోని టోకెన్లు కొనుగోలుదార్ల చేతికి అందకుండా అక్కడే చిక్కుకుపోయాయి. ఆ వేదిక మీద తయారైన చాలా టోకెన్ల బొమ్మల లింకులు తర్వాత దివాలా సమాచార పేజీకి దారితీశాయి. చిట్టాలో పద్దులు చెక్కుచెదరలేదు. చూడటానికి బొమ్మ లేదు.

ఇంతకంటే నిఖార్సయిన ఉదాహరణ కార్ల పందేల్లో దొరుకుతుంది. యానిమోకా బ్రాండ్స్ కంపెనీ ఫార్ములా వన్ లైసెన్సుతో 2019లో ‘ఎఫ్‌1 డెల్టా టైమ్’ ఆట తెచ్చింది. అందులో ‘1-1-1’ అనే కారు టోకెన్ ఆ మే నెలలో లక్ష డాలర్లకు పైగా పలికింది. ఆ ఏడాది ఎన్‌ఎఫ్‌టీల్లో అదే అతి పెద్ద అమ్మకం. లైసెన్సు గడువు ముగిసింది, పొడిగింపు రాలేదు. 2022 మార్చి 16న ఆట మూసేశారు. కొన్నవారికి కంపెనీ తన ఇతర ఆటల్లో పనికొచ్చే బదులు వస్తువులు ఇచ్చింది. ఎప్పటికీ నీదేనని చెప్పి అమ్మినది మూడేళ్లకే ఆడటానికి పనికిరాకుండా పోయింది. ఎందుకంటే ఆ కారుకు ప్రాణం ఫార్ములా వన్ ఇచ్చిన అనుమతిలో ఉంది, ఇథీరియంలో లేదు.

పతనం ఒక్కసారిగా రాలేదు, విడతలుగా వచ్చింది. 2022 మార్చిలో లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ ఆటగాళ్ల బొమ్మలతో 1,71,072 టోకెన్లు సిద్ధం చేస్తే అమ్ముడుపోయినవి పది వేల దరిదాపు. అంత పిచ్చి అభిమానులున్న క్లబ్ అది. వాళ్లు మైదానంలో అరుస్తారు, చొక్కాలు కొంటారు, ఇవి మాత్రం వద్దన్నారు. 2023 మొదట్లో ఫనాటిక్స్ సంస్థ క్యాండీ డిజిటల్ అనే ఎన్‌ఎఫ్‌టీ కంపెనీలో తన వాటా వదిలించుకుంది. డాపర్ ల్యాబ్స్ ఉద్యోగులను విడతల వారీగా తీసేసింది. 2024 జూలైలో డ్రాఫ్ట్‌కింగ్స్ తన ఎన్‌ఎఫ్‌టీ వ్యాపారం మొత్తం మూసేసింది. దాని మీద అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘం దావా వేసింది. ఇదంతా జరుగుతున్నప్పుడే మికీ మాంటిల్ అట్టముక్క రికార్డు ధరకు పోయిందన్నది మరవకూడదు. సేకరణ మీద జనానికి మోజు తగ్గలేదు.

టాప్ షాట్ మీద కొనుగోలుదార్లు 2021లోనే కేసు వేశారు. ఇవి బొమ్మలు కావు, నమోదు చేయకుండా అమ్మిన షేర్ల లాంటివని వాళ్ల ఆరోపణ. కేసు కొట్టేయమని కంపెనీ అడిగితే 2023 ఫిబ్రవరిలో జడ్జి విక్టర్ మర్రెరో నిరాకరించారు. ఆ ఉత్తర్వులోని తర్కం చదవదగ్గది. అట్ట కార్డు వేసిన కంపెనీ మూతపడినా కార్డు చేతిలో ఉంటుంది, దాని విలువ దానిదే. మూమెంట్ల విలువ డాపర్ నడిపే ఫ్లో అనే చిట్టా మీద, డాపర్ బతికి ఉండటం మీద ఆధారపడి ఉందన్న వాదనలో పస ఉందని ఆయన చెప్పారు. చివరికి 2024లో 40 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఏ ఒక్కరి చేతిలోనూ ఉండదన్న పేరుతో వచ్చిన సాంకేతికతను ఒక్క కంపెనీ చేతి మీద నిలబెట్టి అమ్మారన్నది ఈ మొత్తం చరిత్రలో అతి పెద్ద లోపం.

సంగీతంలో అనుమతే లేకుండా అమ్మినవాళ్లు కూడా తయారయ్యారు. 2022 ఫిబ్రవరిలో హిట్‌పీస్ అనే సైటు వేలాది పాటలకు టోకెన్లంటూ జాబితా పెట్టింది. చాలామంది సంగీతకారులకు ఆ సంగతే తెలియదు. వాళ్లు సోషల్ మీడియాలో మండిపడ్డారు, అమెరికా రికార్డు కంపెనీల సంఘం నోటీసు పంపింది, సైటు వెనక్కి తగ్గింది. అంతకుముందు 2021లో జే-జీ మొదటి ఆల్బమ్ ‘రీజనబుల్ డౌట్’లో తన హక్కును ఎన్‌ఎఫ్‌టీగా వేలం వేయబోయిన భాగస్వామి డేమన్ డ్యాష్‌ను రాక్-ఎ-ఫెల్లా రికార్డ్స్ కోర్టు ద్వారా నిలువరించింది. ఆల్బమ్ కంపెనీది, భాగస్వామికి ఉన్నది కంపెనీలో వాటా మాత్రమేనని దాని వాదన. చిట్టాలో రాసుకున్నంత మాత్రాన లేని హక్కు పుట్టదు.

కళాకారులకు అసలైన ఆశ కల్పించింది మారుబేరంలో వాటా. వాగ్నర్ కార్డు వందసార్లు చేతులు మారినా ఆయన వారసులకు పైసా రాదు. టోకెన్లలో మాత్రం ప్రతి అమ్మకంలోనూ 5 నుంచి 10 శాతం సృష్టికర్తకు దానంతటదే చేరుతుందని ప్రచారం జరిగింది. నిజానికి ఈఆర్‌సీ-721 నమూనాలో ఆ కట్టుబాటు లేదు. చెల్లించాలా వద్దా అన్నది అమ్మకం జరిగే వేదిక ఇష్టం. 2022లో కొత్త వేదికలు వాటా ఎగ్గొట్టి బేరాలు లాక్కోవడం మొదలుపెట్టాయి. 2023 ఆగస్టులో ఎన్‌ఎఫ్‌టీల పెద్ద అంగడి ఓపెన్‌సీ కూడా తప్పనిసరి వాటాకు మంగళం పాడింది. మార్విన్ మిల్లర్ లాంటి సంఘ నాయకుడు ఇక్కడ లేకపోయాడు. ఇమోజెన్ హీప్ కోరుకున్న న్యాయమైన పంపకం అక్కడే దెబ్బతింది.

వూ-టాంగ్ క్లాన్ అనే అమెరికా ర్యాప్ బృందం ఆల్బమ్ కథ వీటన్నిటికంటే వింత. పాటకు విలువ పోతోందన్న బాధతో ఆ బృందం నాయకుడు ఆర్‌జడ్‌ఏ, నిర్మాత సిల్వరింగ్స్ కొన్నేళ్లు రహస్యంగా ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ షావోలిన్’ ఆల్బమ్ తయారుచేశారు. మొత్తం 31 పాటలు. ఒకే ఒక్క ప్రతి, చేత్తో చేసిన లోహపు పెట్టెలో. కొన్నవారు 2103 దాకా వ్యాపారానికి వాడకూడదన్నది షరతు. 2015లో మందుల ధర పెంచి అపకీర్తి మూటగట్టుకున్న మార్టిన్ ష్క్రేలీ దాన్ని 20 లక్షల డాలర్లకు కొన్నారు. ఆయన మోసం కేసులో జైలుకు వెళ్లాక ప్రభుత్వం జప్తు చేసుకుని 2021లో అమ్మేసింది. ప్లీజర్‌డావ్ అనే క్రిప్టో బృందం 40 లక్షల డాలర్లు పెట్టి దక్కించుకుని, యాజమాన్య పత్రాన్ని ఎన్‌ఎఫ్‌టీగా నమోదు చేసింది. 2024 జూన్‌లో టాస్మానియాలోని మోనా మ్యూజియంలో ఎంపికైన కొద్దిమంది దానిలో కొంత భాగం విన్నారు. అదే సమయంలో ఒక్క డాలరు కట్టి టోకెన్ కొన్న ప్రతి ఒక్కరి వల్ల విడుదల గడువు 88 సెకన్లు ముందుకు జరుగుతుందని ప్లీజర్‌డావ్ ప్రకటించింది. ఒక్కరికే పరిమితం చేసిన పాటను అందరికీ చేర్చడానికి టోకెన్ వాడటం మంచి ఆలోచనే. కానీ ఇదంతా జరిగినన్నాళ్లూ ఆ పాటల్ని అభిమానులు పూర్తిగా వినలేదన్నది కూడా నిజం. పాట వినడానికి పుడుతుంది. వినకుండా ఆపి పెంచిన విలువ సంగీతానికి చేసే మేలు కాదు.

భారత్‌లో ఈ వ్యాపారం సహజంగానే క్రికెట్ చుట్టూ తిరిగింది. ఫ్యాన్‌క్రేజ్ అనే కంపెనీ ఐసీసీతో ఒప్పందం చేసుకుని ప్రపంచకప్ దృశ్యాలను టోకెన్లుగా అమ్మింది. రారియో ఆటగాళ్లతో విడివిడిగా ఒప్పందాలు చేసుకుంది, 2022 ఏప్రిల్‌లో డ్రీమ్ క్యాపిటల్ ముందుండి నడిపిన విడతలో 12 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుంది. మొబైల్ ప్రీమియర్ లీగ్ వాళ్ల స్ట్రైకర్ వేదిక మాత్రం ఫొటోలు లేకుండా ఆటగాళ్ల గీసిన బొమ్మలు, పేర్లు, ఆట గణాంకాలతో టోకెన్ కార్డులు అమ్మింది. అనుమతి కోసం డబ్బు కట్టింది మేము, ఉచితంగా వాడుకుంటున్నది వాళ్లు అని రారియో కోర్టుకెళ్లింది. సిరాజ్, అర్ష్‌దీప్ సింగ్, హర్షల్ పటేల్, ఉమ్రాన్ మాలిక్, శివమ్ మావి తోడయ్యారు.

2023 ఏప్రిల్ 26న జస్టిస్ అమిత్ బన్సల్ మధ్యంతర నిషేధం ఇవ్వడానికి నిరాకరించారు. ఆటగాళ్ల పేర్లు, గణాంకాలు జనానికి అందుబాటులో ఉన్న సమాచారమనీ, వాటినీ గీసిన బొమ్మలనూ వాడుకోవడానికి రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ఇచ్చే భావప్రకటన స్వేచ్ఛ రక్షణ ఉందనీ, ఎన్‌ఎఫ్‌టీ అన్నది ఎవరైనా వాడుకోగల సాంకేతికత కాబట్టి దాని మీద ఎవరికీ గుత్తహక్కు లేదనీ చెప్పారు. జెరోమ్ ఫ్రాంక్ బొమ్మ మీద హక్కు ఆటగాడిదంటే, ఇక్కడ ఆ హక్కుకు గట్టి హద్దు గీశారు. పత్రికలకూ, వ్యంగ్య చిత్రకారులకూ, గణాంకాలు రాసేవారికీ ఈ ఉత్తర్వు మేలు చేస్తుంది. సేకర్తకు మాత్రం ఇందులో ఒక హెచ్చరిక ఉంది. ఒకే బౌలర్ బొమ్మతో ఒక కంపెనీ వంద టోకెన్లే వేస్తానని ప్రమాణం చేసినా, ఇంకో కంపెనీ ఇంకో బొమ్మతో ఎన్నయినా వేయవచ్చు. అరుదు అన్నది ఆ ఒక్క కంపెనీ గోడల లోపలే.

పన్నులు రెండో దెబ్బ కొట్టాయి. 2022 ఏప్రిల్ నుంచి ఎన్‌ఎఫ్‌టీలతో సహా డిజిటల్ ఆస్తుల లాభం మీద నేరుగా 30 శాతం పన్ను, జూలై నుంచి బేరాల మీద 1 శాతం టీడీఎస్ వచ్చాయి. ఒకదానిలో నష్టం వస్తే ఇంకోదాని లాభంలో తగ్గించుకోవడానికి వీల్లేదు. సరదాకు కార్డులు మార్చుకునే అభిమానికి ఇది మోయలేని భారం. బొమ్మల మోజునూ జూదాన్నీ ఒకే గాటన కట్టిన ఈ చట్టం చిన్న సేకర్తకు అన్యాయం చేసింది.

ఇన్ని కేసుల తర్వాత ఒక మాట ధైర్యంగా చెప్పవచ్చు. చిట్టా తన పని సరిగ్గానే చేసింది. టోకెన్ ఎవరిది, ఎప్పుడు ఎవరి చేతికి వెళ్లింది అన్న లెక్క తప్పలేదు. తప్పింది దాని చుట్టూ అల్లిన మాటలు. బొమ్మ శాశ్వతమన్నారు, సర్వరు ఆగిపోయింది. కళాకారుడికి వాటా అన్నారు, వేదికలు ఎగ్గొట్టాయి. అరుదైనదన్నారు, అరుదును తామే నిర్ణయించుకున్నారు. టికెట్లకూ, సంతకం చేసిన బ్యాట్లకూ, పరిమితంగా వేసిన వినైల్ ప్లేట్లకూ నకిలీల బెడద నిజంగానే ఉంది. అక్కడ చెరపలేని చిట్టా ఉపయోగపడుతుంది, వస్తువు పక్కన ఉన్నంత వరకూ.

రేపు ఏ ఐపీఎల్ జట్టో, ఏ పాటల కంపెనీయో తెలుగు అభిమానుల ముందుకు మళ్లీ ఇలాంటి టోకెన్ తీసుకొస్తే, కొనేముందు లైసెన్సు ఎవరిచ్చారో, ఏ తేదీతో ముగుస్తుందో, ఫైలు ఎక్కడ దాచారో, కంపెనీ మూతపడితే చేతిలో ఏం మిగులుతుందో అడగండి. ఆటగాడికి లేదా గాయకుడికి వాటా ఎంతో కూడా అడగండి. జవాబు కాగితం మీద ఇవ్వకపోతే ఆ డబ్బుతో మ్యాచ్ టికెట్ కొనండి, లేదా పాత ప్లేటు ఒకటి ఇంటికి తెచ్చుకోండి.